స్లీవులన్నీ 150 పక్కకు పడ్డాయి, త్రీడీ మానేయమంటున్నారు

రాయగడ నుంచి ఒక పాఠకురాలు పొడుగాటి ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు కాబట్టి విషయం మాత్రం కుదించి ఇస్తున్నాం.

వయసు 26. మెకానికల్ డిప్లొమా చేసి విశాఖలో ఒక కన్సల్టెంటు ఆఫీసులో రెండేళ్లు ఏసీ డక్టులు, ప్లంబింగ్ డ్రాయింగులు ఆటోక్యాడ్‌లో గీశారు. నాన్నగారికి ఒంట్లో బాగోకపోవడంతో ఇంటికి వచ్చేసి, అదే ఆఫీసుకు రాయగడ నుంచే పని చేస్తున్నారు. ఈ మధ్య రెవిట్ (భవనాన్ని త్రీడీలో గీసే సాఫ్ట్‌వేర్) నేర్చుకున్నారు. ఊళ్లోనే కడుతున్న ఒక నర్సింగ్ హోమ్‌కు (గ్రౌండు, పైన మూడంతస్తులు) డక్టులు, మురుగు పైపులు, స్ప్రింక్లర్లు, కేబుల్ ట్రేలు అన్నీ త్రీడీలో పెట్టారు. అక్కడ ప్లంబింగ్ సబ్ కాంట్రాక్టు ఆవిడ మేనమామదే.

మొదటి అంతస్తు స్లాబ్ పోసి సెంట్రింగ్ విప్పాక చూస్తే, టాయిలెట్ల కోసం వదిలిన 14 స్లీవులూ (పైపులు దిగడానికి స్లాబ్‌లో వదిలే కన్నాలు) 150 మి.మీ. రోడ్డు వైపుకు పడి ఉన్నాయి. ఆఫీసుకు ఇంకా చెప్పలేదు. "మావయ్య నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది" అని రాశారు. రెండో అంతస్తు స్లాబ్ డ్రాయింగులు, కారిడార్ డ్రాయింగులు 11 రోజుల్లో ఇవ్వాలి. క్లాష్ చెక్ (మోడల్‌లో ఏది దేనితో ఢీకొంటోందో చూసే పరీక్ష) నడిపితే 1,400 వచ్చాయి. నెల క్రితం 380 ఉండేవట. రెండో అంతస్తు టాయిలెట్ల మురుగు పైపు కారిడార్ దాటి అవతలి షాఫ్ట్‌కు వెళ్లే చోట డక్టుతో ఢీకొంటోంది, ఎటు జరిపినా కుదరడం లేదు. ఫైలు 480 ఎంబీ, ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 8 జీబీ, తెరవడానికే పావుగంట. ఆఫీసులో సీనియర్ గారు "ఈ త్రీడీ గోల మనకెందుకు, టూడీలో గీసి పంపేయ్" అంటున్నారు. హైదరాబాద్‌లో బిమ్ (భవనాల త్రీడీ మోడలింగ్) ఆఫీసు నుంచి ఉద్యోగం పిలుపు కూడా ఉంది.

ఆవిడ అడిగినవి మూడు: తప్పు బయటపెట్టకుండా మావయ్యతో కలిసి సైటులోనే సర్దేయవచ్చా? త్రీడీ కొనసాగించాలా, టూడీకి వెళ్లిపోవాలా? హైదరాబాద్ వెళ్లిపోవడం మంచిదా?

*

ముందు ఆ 150 సంగతి తేలాలి. అది తేలితే మీ మూడు ప్రశ్నల్లో రెండింటి బరువు సగం తగ్గిపోతుంది.

పైపులు గీయడంలో పొరపాటు జరిగితే ఒకటి 40 తప్పుతుంది, ఇంకోటి 200 తప్పుతుంది, మరోటి సరిగ్గానే ఉంటుంది. పద్నాలుగూ ఒకే దిక్కుకు, ఒకే కొలతతో తప్పాయంటే జరిగినవి మీ పైపులు కావు. వాటి కింద ఉన్న ఆర్కిటెక్టు ఫైలు జరిగింది. మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసి వదిలేసిన వాక్యం ఒకటుంది: "ఆర్కిటెక్టు గారు ముందు వైపు చజ్జా 300 పెంచి కొత్త ఫైలు పంపారు, పాత లింకు తీసేసి కొత్తది పెట్టాను." అనుమానం అక్కడే.

రెవిట్‌లో లింకు (వేరేవాళ్ల ఫైలును మన ఫైలులో చూపించడం) పెట్టేటప్పుడు 'పొజిషనింగ్' అనే గడి ఉంటుంది. అందులో 'ఆటో - సెంటర్ టు సెంటర్' ఉంటే, వచ్చే ఫైలులోని గీతలన్నిటినీ చుట్టి ఒక పెట్టె ఊహించుకుని, ఆ పెట్టె నడిబొడ్డును మీ మోడల్ నడిబొడ్డు మీద కూర్చోబెడుతుంది. ముందు వైపు 300 పెరిగితే పెట్టె మధ్యబిందువు 150 రోడ్డు వైపుకు జరుగుతుంది. దాన్ని పాత చోటే కూర్చోబెడితే భవనం మొత్తం 150 వెనక్కి వెళుతుంది. మీ పైపులు కదల్లేదు కాబట్టి గ్రిడ్ గీతల (స్తంభాల వరుసలకు గీసే ఆధార గీతలు) నుంచి చూస్తే అవి 150 రోడ్డు వైపుకు జరిగినట్టే. పాత లింకుతో పాటు దాని గ్రిడ్లకు కట్టిన కొలతలు కూడా పోయాయి. మీరు కొత్త గ్రిడ్ల నుంచి మళ్లీ కొలతలు వేశారు. మేస్త్రి ఆ కొలతలే పట్టుకున్నాడు. మీ మోడల్ మధ్యబిందువు కూడా లెక్కలోకి వస్తుంది కనుక ప్రతిసారీ ఖచ్చితంగా సగమే జరగాలని లేదు. కానీ దిక్కు, కొలత రెండూ ఇంత బాగా కలిశాయి కాబట్టి ముందు వెతకాల్సింది ఇదే.

రుజువు చేసుకోవడానికి పది నిమిషాలు చాలు. చజ్జా మార్పుకు ముందు ఆఫీసుకు పంపిన కాపీ ఏదైనా ఉంటే అది తెరవండి. దాని పక్కన పెట్టే ఆర్కిటెక్టు ఫైలు కూడా పాతదే అయి ఉండాలి, చూసుకోండి. ఏదో ఒక నిలువు మురుగు పైపు మధ్య నుంచి దగ్గరి గ్రిడ్ గీతకు దూరం కొలవండి. అదే పైపుకు ఇప్పటి ఫైలులో కొలవండి. తేడా 150 వస్తే విషయం తేలినట్టే. రెండూ స్క్రీన్‌షాట్ తీసి దాచండి, వాటితో తర్వాత పని ఉంది. 380 క్లాషులు ఒక్కసారిగా 1,400 కావడానికీ చాలావరకు ఇదే కారణమై ఉంటుంది: షాఫ్ట్‌లో ఉండాల్సిన పైపులు గోడల్లోకి, స్తంభాల పక్కన ఉన్నవి స్తంభాల్లోకి దూరాయి.

దిద్దడానికి దారులు రెండు. మొదటిది, లింకు తీసేసి 'ఇంటర్నల్ ఆరిజిన్ టు ఇంటర్నల్ ఆరిజిన్' (మూలబిందువు మీద మూలబిందువు) పద్ధతిలో మళ్లీ పెట్టడం. ఇదే అసలు పద్ధతి, మొదటి రోజే చేయాల్సింది. కానీ ఇప్పుడు చేస్తే మీ పైపులూ డక్టులూ అన్నిటినీ కలిపి జరపాలి, జరిపేటప్పుడు కొన్ని ఫిట్టింగులు విడిపోతాయి. రెండోది, లింకును మాత్రమే అలైన్ కమాండుతో పాత స్థానానికి తెచ్చి పిన్ చేయడం (కదలకుండా బిగించడం). పదకొండు రోజులే ఉన్నాయి కాబట్టి రెండోది చేయండి. ఆ తర్వాత ఆర్కిటెక్టు లింకు నుంచి 'అక్వైర్ కోఆర్డినేట్స్' చేస్తే, వేరేవాళ్లతో షేర్డ్ కోఆర్డినేట్ల (అందరికీ ఉమ్మడి స్థాన కొలతల) మీద ఫైళ్లు కలుపుకోవడానికి ఇబ్బంది ఉండదు. స్ట్రక్చర్ లింకు కూడా అదే గ్రిడ్ మీద కూర్చుందో లేదో చూసుకోండి. ఒక్కదాన్నే జరిపి రెండోదాన్ని మరిచిపోతే మళ్లీ కథ మొదటికొస్తుంది.

ఇక ముందు కొత్త ఫైలు వస్తే పాతది డిలీట్ చేయకండి. 'మేనేజ్ లింక్స్'లో 'రీలోడ్ ఫ్రమ్' నొక్కి కొత్త ఫైలు చూపించండి. అప్పుడు స్థానం మారదు, కొలతలు పోవు. గ్రిడ్లు, లెవెళ్లు 'కాపీ మానిటర్'తో మీ ఫైలులోకి తెచ్చుకోండి. కొలతలు లింకులోని గ్రిడ్ల నుంచి కాక మీ గ్రిడ్ల నుంచి వేయండి. ఆర్కిటెక్టు రేపు ఒక గ్రిడ్ కదిపితే 'కోఆర్డినేషన్ రివ్యూ' హెచ్చరిక వస్తుంది. విసుగుతో ఆ హెచ్చరికను మూసేసేవాళ్లే ఎక్కువ, మీరు చదవండి. డిఫ్యూజర్లు (ఏసీ గాలి వదిలే జాలీలు), స్ప్రింక్లర్లు ఆర్కిటెక్టు సీలింగ్ ముఖం మీద అతికించి ఉంటే, లింకు తీసినప్పుడు అవి ఆధారం పోగొట్టుకుని ఉంటాయి. సీలింగ్ ఎత్తు 2400లో మీదే ఒక రిఫరెన్స్ ప్లేన్ గీసి, పేరు పెట్టి, వాటిని దాని మీద కూర్చోబెట్టండి.

ఇప్పుడు పోసేసిన స్లాబ్ సంగతి. మావయ్యగారిని ముందు ఒకటి అడగండి: టాయిలెట్ల దగ్గర స్లాబ్ దించి పోశారా? ఆ దింపు (సంకెన్) 300 ఉంటే 110 పైపును అందులోనే రెండు 45 డిగ్రీల బెండ్లతో పక్కకు తిప్పే వీలుండవచ్చు. 200 అయితే ఇరుకు. ఏదైనా ఫిట్టింగులు నేల మీద పేర్చి చూశాకే నిర్ణయించాలి. ఈ దారిలో రూపాయి ఖర్చు తక్కువే కానీ జాయింట్లు ఫిల్లింగ్ కింద శాశ్వతంగా కప్పుకుపోతాయి. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక, ఫిల్లింగ్ వేసే ముందు నీళ్లు కట్టి 24 గంటలు వదిలి, కింది నుంచి తడి వస్తుందేమో చూడకుండా ముందుకెళ్లొద్దు.

సంకెన్ లేకపోతే పద్నాలుగింటినీ ఒకే గాటన కట్టకండి. వాష్ బేసిన్ వేస్టులు 75 పైపులు, బేసిన్ కాస్త అటూ ఇటూ జరిగినా ఎవరూ పట్టించుకోరు. ఫ్లోర్ ట్రాపులు 150 జరిగితే టైల్స్ వాటం మార్చుకుంటే సరిపోతుంది. అసలు చిక్కు కమోడ్‌లదే. ఎస్ ట్రాప్ (నేలలోకి దిగే రకం) అయితే గోడ నుంచి దూరం కంపెనీ చెప్పినంతే ఉండాలి. కాబట్టి 14లో నిజంగా తిరిగి కొట్టాల్సినవి నాలుగో ఐదో తేలవచ్చు. వాటికి కోర్ కటింగ్ (మిషనుతో స్లాబ్‌లో కన్నం కోయడం) చేయించాలంటే స్ట్రక్చరల్ ఇంజినీరు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, ఎక్కడ కడ్డీలు తెగుతాయో ఆయనే చూడాలి. పాత కన్నాలు నాన్ ష్రింక్ (ఆరాక కుంచించుకుపోని) గ్రౌట్‌తో మూయాలి, సిమెంటు ముద్ద కుక్కి వదిలేస్తే తర్వాత అక్కడి నుంచే కారుతుంది. మూడో దారి, గోడలు ఇంకా లేవకపోతే టాయిలెట్ గోడలనే 150 రోడ్డు వైపుకు జరపడం. పక్క గది 150 తగ్గుతుంది, ఆర్కిటెక్టు ఒప్పుకోవాలి. నర్సింగ్ హోమ్‌లో మంచాల మధ్య దూరం లెక్కలు ఉంటాయి కాబట్టి ఆయన ఒప్పుకోకపోవచ్చు కూడా. అడిగి చూడటంలో నష్టం లేదు.

ఆఫీసుకు చెప్పకుండా ఇవన్నీ చేయవచ్చా అంటే, చేయలేరు. పైన చెప్పిన మూడు దారుల్లో రెండింటికి ఇంజినీరో ఆర్కిటెక్టో సంతకం పెట్టాలి. దాచిపెట్టి సంకెన్‌లో తిప్పేసినా ఖర్చు మావయ్యగారి జేబులోంచే పోతుంది, ఆయన బిల్లులో అది ఎక్కడా చూపించుకోలేరు. పైగా ఆ స్లీవుల డ్రాయింగు మీద 'చెక్డ్ బై' గడిలో ఎవరి సంతకం ఉందో చూడండి. ఖాళీగా ఉంటే తప్పు మీ ఒక్కరిదే కాదు. అలాగని ఆ మాటతో మొదలుపెట్టకండి. చెబితే సీనియర్ గారు "నేను ముందే అన్నానుగా" అంటారు, అది ఖాయం. అందుకే ఉత్త క్షమాపణతో వెళ్లకుండా ఒక పేజీ తయారు చేసుకుని వెళ్లండి: రెండు స్క్రీన్‌షాట్లు, కారణం నాలుగు వాక్యాల్లో, 14 స్లీవుల పట్టిక (ఏది ఉంచవచ్చు, ఏది జరపవచ్చు, ఏది కోయాలి), రెండో అంతస్తుకు మీరు చేసిన దిద్దుబాటు. నాన్చకండి. అదే ఫైలు నుంచి ఆఫీసులో ఇంకెవరైనా రెండో అంతస్తు కొలతలు తీసి పంపేస్తే మళ్లీ 150 పడుతుంది.

ఇక ఆ క్లాషులు. లింకు సరిచేశాక మళ్లీ నడపండి, కానీ అన్నిటికీ అన్నీ టిక్ పెట్టి నడపొద్దు. స్ప్రింక్లరు సీలింగ్‌ను తాకడం, డిఫ్యూజరు సీలింగ్‌లో కూర్చోవడం క్లాషులు కావు, అవి అలాగే ఉండాలి. చెక్ విండోలో ఎడమ పక్క డక్టులు, కుడి పక్క స్ట్రక్చర్ లింకులోని బీములు. ఇది మొదటి రౌండు. తర్వాత మురుగు పైపులు, బీములు. తర్వాత డక్టులు, మురుగు పైపులు. స్ప్రింక్లర్లు, ట్రేలు ఆఖర్న. ఒక డక్టు 100 మి.మీ. ఎక్కువ ఎత్తులో ఉంటే పది బీముల దగ్గర పది క్లాషులు చూపిస్తుంది, దిద్దాల్సింది ఒక్కటే. రెవిట్ చెక్ తాకిన వాటినే చెబుతుంది. స్పానర్ తిప్పడానికి చోటుందా, పక్కన 25 ఖాళీ ఉందా అనేది చెప్పదు. దానికి నేవిస్‌వర్క్స్ మేనేజ్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో క్లియరెన్స్ టెస్ట్ కావాలి. మీకు ఇప్పుడు అది అక్కర్లేదు, కారిడార్ సెక్షన్ చేత్తో లెక్కేస్తే చాలు.

ఆ లెక్క చేద్దాం, మీరు పంపిన కొలతలతోనే. అన్ని ఎత్తులూ కింది ఫినిష్ ఫ్లోర్ నుంచి. అంతస్తు ఎత్తు 3600. పై ఫ్లోరింగ్‌కు 50, స్లాబ్‌కు 150 తీస్తే స్లాబ్ అడుగు 3400. బీము స్లాబుతో కలిపి 600 కాబట్టి బీమ్ అడుగు 2950. ఫాల్స్ సీలింగ్ 2400, ఫ్రేముకూ లైట్లకూ 100 వదిలితే మీకు చేతికొచ్చే చోటు 2500 నుంచి 2950 దాకా, అంటే 450. మీ డక్టు 600×300. ఇన్సులేషన్ పైన 25, కింద 25 కలిపి 350. కింద హ్యాంగర్ యాంగిల్ 40. బీముకు, డక్టుకు మధ్య 25 ఖాళీ. మొత్తం 415. పడుతుంది, 35 మిగులుతుంది. ఇక్కడిదాకా ఏ గొడవా లేదు.

మురుగు పైపు దగ్గర కథ మారుతుంది. కారిడార్ రెండు పక్కలా గోడల మీద పొడుగు బీములున్నాయి. పైపు వాటిని దాటాలంటే కిందికి దిగాల్సిందే: పైపు పై అంచు 2925, 110 పైపు కాబట్టి అడుగు 2815. అక్కడి నుంచి 80కి 1 వాలుతో కారిడార్ మధ్యకు వచ్చేసరికి ఇంకో 15 తగ్గి 2800. దాని కింద 25 వదిలితే డక్టు పైభాగం 2775. అందులోంచి 350, 40 తీసేయండి. 2385! డక్టు హ్యాంగరు సీలింగ్ కింద 15 మి.మీ. వేలాడుతుంది. డక్టును 750×250 చేయవచ్చు. ఆ రెండింటికీ సమాన వ్యాసం దాదాపు ఒకటే, 457 మి.మీ. దగ్గర, కాబట్టి గాలి రాపిడి పెరగదు. అప్పుడు 2435 వస్తుంది. సీలింగ్ పైనే ఉంది కానీ లైట్లకు కావాల్సిన 2500కు 65 తక్కువ. ఇంకా పలచగా 200 చేద్దామంటే వెడల్పు 1000 దాటాలి, వెడల్పు ఎత్తుకు అయిదు రెట్లయ్యాక రేకు దడదడలాడుతుంది, సైటులో చేసేవాళ్లూ ఒప్పుకోరు.

అందుకే మీరు ఎటు జరిపినా కుదరలేదు. అది మీ చేతగానితనం కాదు, ఆ చోట ఆ రెండూ పట్టవు. మౌసుతో తీరేది కాదు కాబట్టి మనుషులతో మాట్లాడాలి: టాయిలెట్ పక్కనే ఒక చిన్న షాఫ్ట్ ఇవ్వమని ఆర్కిటెక్టును అడగడం, లేదా ఆ ఒక్క చోట మూడు నాలుగు మీటర్ల మేర సీలింగ్ 2300కు దించుకోవడం (750×250తో అయితే సరిపోతుంది), లేదా పోయబోయే బీములో స్లీవు పెట్టడానికి స్ట్రక్చరల్ ఇంజినీరు ఒప్పుకుంటారేమో కనుక్కోవడం. నా ఓటు షాఫ్ట్‌కే. ఆసుపత్రి కారిడార్ సీలింగ్ మీద మురుగు పైపు జాయింటు ఉండటమే మంచిది కాదు. కానీ షాఫ్ట్ ఇస్తే గదిలో చోటు పోతుంది, అది ఇవ్వాలో వద్దో ఓనరు చెప్పాలి. ఈ సెక్షన్ ఒక్కటి ఏ3 కాగితం మీద ప్రింటు తీసి పంపండి. త్రీడీ ఎందుకని అడిగే సీనియర్ గారికి కూడా ఇదే కాగితం చూపించవచ్చు.

మురుగు పైపుల మోడలింగ్‌లో ఇంకో రెండు జాగ్రత్తలు. మెకానికల్ సెట్టింగ్స్‌లో స్లోపుల పట్టికలో 1.25 శాతం (80కి 1), 2.5 శాతం (40కి 1) చేర్చుకోండి, కోణాల దగ్గర 'యూజ్ స్పెసిఫిక్ యాంగిల్స్' ఎంచుకుని అక్కర్లేనివి తీసేయండి. లేకపోతే రెవిట్ 37 డిగ్రీల బెండు కూడా సంతోషంగా వేస్తుంది, బజారులో దొరికేవి 45, 87.5 డిగ్రీలు. పైపు సెగ్మెంటులో బయటి వ్యాసం సరిచూడండి. ఎస్‌డబ్ల్యూఆర్ (మురుగు పీవీసీ పైపు) 110 అంటే బయటి కొలతే 110, స్ప్రింక్లర్ జీఐ 100 అంటే బయట 114.3. గీయడం షాఫ్ట్ నుంచి మొదలుపెట్టి కమోడ్ వైపు వెళ్లండి, ఎందుకంటే దిగువ ఎత్తు బీము నిర్ణయిస్తుంది, ఎగువ ఎత్తును మీరు సర్దుకోవచ్చు. వాలు ఆఖర్న ఒకేసారి వేయాలనుకుంటే ట్యాబ్ కీతో లైను మొత్తం ఎంచుకుని స్లోప్ టూల్‌లో బాణం షాఫ్ట్ చివరన ఉందో లేదో చూడండి. ఆ చివరే కదలకుండా ఉంటుంది. బాణం అటు చివరన ఉంటే లైను మొత్తం కిందికి దిగిపోయి స్టాక్‌తో (నిలువు పైపుతో) కలిసే చోట విడిపోతుంది.

డక్టు సైజు తగ్గే చోట జస్టిఫికేషన్ 'టాప్' పెట్టండి. మధ్యకు పెడితే పైనా కిందా మెట్లు పడతాయి. పైభాగం సమంగా ఉంటే కింద చోటు మిగులుతుంది, మీ కారిడార్‌కు కావాల్సింది అదే.

ఫైలు బరువు గురించి క్లుప్తంగా. పాత వెర్షన్లకు ఆటోడెస్క్ ఇచ్చిన అంచనా ప్రకారం 8 జీబీ ర్యామ్‌కు 100 ఎంబీ, 16 జీబీకి 300 ఎంబీ మోడల్ మామూలుగా నడుస్తుంది. మీది 480. ల్యాప్‌టాప్‌ను తిట్టి లాభం లేదు. కంపెనీల సైట్ల నుంచి దించిన కమోడ్లు, పంపులు స్క్రూ మరలతో సహా గీసి ఉంటాయి. వాటి బదులు కొలత సరిపోయే మొద్దు ఫ్యామిలీ (రెవిట్‌లో వస్తువు నమూనా) పెట్టండి. ఆటోక్యాడ్ ఫైళ్లు లింకు కాకుండా ఇంపోర్ట్ చేసి ఉంటే వీవీ నొక్కితే 'ఇంపోర్టెడ్ కేటగిరీస్'లో కనిపిస్తాయి, పీకేయండి. తర్వాత 'పర్జ్ అన్‌యూజ్డ్' రెండు మూడుసార్లు, ఆడిట్‌తో ఒకసారి తెరవడం, కాంపాక్ట్ చేసి సేవ్ చేయడం. ఎఫ్9 నొక్కితే వచ్చే సిస్టమ్ బ్రౌజర్‌లో 'అన్‌అసైన్డ్' కింద పెద్ద పట్టిక ఉంటే, అవి ఏ లైనుకూ కలవని ముక్కలు. అవి కూడా ఊరికే భారమే. ఇంటర్నెట్ ఎలా ఉన్నా ఆఫీసుకు పంపేముందు ఇవి చేయండి.

త్రీడీనా, టూడీనా అన్న ప్రశ్నకు ఇప్పుడు వద్దాం. మొత్తం టూడీకి వెళితే 11 రోజుల్లో డ్రాయింగులు వెళ్లిపోతాయి, సీనియర్ గారు సంతోషిస్తారు, కారిడార్‌లో ఆ 2385 ఎవరికీ కనిపించదు. రేకు బిగించే రోజు కనిపిస్తుంది. మొత్తం త్రీడీయే అని పట్టుబడితే, ప్రతి 25 మి.మీ. కండ్యూటూ (కరెంటు వైర్ల గొట్టం) గీస్తూ కూర్చుంటే, పదకొండో రోజుకు సగం ఫైలు చేతిలో ఉంటుంది. మధ్య దారి ఉంది: కారిడార్లు, టాయిలెట్లు, షాఫ్టులు, ఆపరేషన్ థియేటర్ త్రీడీలో, గదుల్లోని స్విచ్చులు, కండ్యూట్లు, 25 లోపు నీళ్ల పైపులు ఆటోక్యాడ్‌లో గీతలుగా. మొదట రెండో అంతస్తు స్లీవులు, ఎందుకంటే కాంక్రీటు ఆగదు. తర్వాత కారిడార్. మిగతావి మిగిలిన రోజుల్లో. ఈ విభజన ఆఫీసుకు ముందే రాసి పంపితే "త్రీడీలో అన్నీ ఉన్నాయనుకున్నాం" అనే మాట తర్వాత రాదు. మీ సీనియర్ గారికి రెవిట్ రాకపోవచ్చు కానీ ఏ పైపు ఎక్కడ పట్టదో ఆయనకు తెలిసే ఉంటుంది. సెక్షన్లు ఆయనతోనే చెక్ చేయించుకోండి.

హైదరాబాద్ ఉద్యోగం మీద నిర్ణయం ఈ రెండు వారాల్లో తీసుకోకండి. అక్కడ మీకు పైన చెక్ చేసేవాళ్లుంటారు, మంచి కంప్యూటర్ ఇస్తారు, పని త్వరగా వస్తుంది. కానీ చాలా చోట్ల ఏడాదంతా ఒకే రకం డక్టులే గీయిస్తారు, సైటు మొహం చూడరు. ఇక్కడ మీరు గీసిన స్లీవు మూడు వీధుల అవతల కనిపిస్తోంది. నాన్నగారి పరిస్థితి మీకే తెలుసు. చేరే తేదీ నెల రోజులు వాయిదా అడగండి, ఇస్తే తొందర లేదు. ఇవ్వకపోతే ఆ ఆఫీసు ఎలా ఉంటుందో కొంత అర్థమవుతుంది.

ఆఖరిగా రెండో స్లాబ్. సైటులో తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ కలిసి పనిచేస్తారని, ప్లాన్ కింది ఇంగ్లీషు నోట్సు ఎవరూ చదవరని రాశారు. నోట్సు తగ్గించి అంకెలు పెంచండి. ప్రతి టాయిలెట్‌నూ ఎంచుకుని బీఎక్స్ కొడితే సెక్షన్ బాక్స్‌తో త్రీడీ వ్యూ వస్తుంది. పేజీలో ఒక మూల అది, మిగతా చోట ప్లాన్. స్లీవు కొలత గ్రిడ్ నుంచి ఒకటి, స్తంభం ముఖం నుంచి ఒకటి, రెండూ ఇవ్వండి. సైటులో టేపు పట్టేది స్తంభం నుంచే. రెండూ కలవకపోతే మేస్త్రికే అనుమానం వచ్చి ఫోన్ చేస్తాడు. మొదటి స్లాబ్‌కు ఈ రెండో కొలత ఉండి ఉంటే అక్కడే దొరికిపోయేది. ఎత్తులు స్తంభాల మీద గీసే మీటరు గీత నుంచి రాయండి: పైపు అడుగు 2815 అని కాక, గీత పైన 1815 అని. ఆ గీత ఫినిష్ నుంచి వేశారా, స్లాబ్ నుంచి వేశారా అని మావయ్యగారిని అడగండి. స్లాబ్ నుంచి వేస్తే 50 తేడా వస్తుంది. పోసే ముందు రోజు సాయంత్రం స్లీవులు కట్టాక టేపు పట్టుకుని మీరే వెళ్లండి, పద్నాలుగూ కొలిచి కాగితం మీద రాసుకుని, సూపర్‌వైజరుతో దాని కింద సంతకం పెట్టించుకోండి.